ఆవిడ కూర్చున్న చోటు

ఈ వారం వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. ముఖ్యమైన సంగతులు మాత్రం రాసిన పెద్దాయన మాటల్లోనే ఇస్తున్నాను.

"అమ్మా, నాకు డెబ్బై నిండాయి. మాది రాజోలు దగ్గర కాలవ గట్టున ఉన్న ఊరు. ఇరిగేషన్‌లో కాలవలు చూసుకునే లస్కరుగా చేరి వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. మా ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. ఆవిడ ఎక్కడా నేర్చుకోలేదు గానీ బొమ్మలు బాగా వేసేది. ఎక్కువగా జంతువులవే. ఊళ్లో ఎవరి ఆవు ఈనినా, ఎవరి కుక్క పిల్లల్ని పెట్టినా వెళ్లి చూసొచ్చి వేసేది. నేను ఆఫీసు నుంచి తెచ్చి పడేసిన, నీటిమట్టాలు రాసే పాత లెవెల్ చార్టుల వెనక, క్యాలెండర్ల వెనక వేసేది. కాగితం కొనమని ఎప్పుడూ అడగలేదు. రంగులు అడిగేది. రెండు మూడుసార్లు కసిరాను కూడా.

పదో రోజు రేవులో పిండం పెడితే కాకి ముట్టలేదు. గంట పైన కూర్చున్నాం. ఏదో కోరిక మిగిలిపోయింది అన్నారు మావాళ్లు. ఇంటికొచ్చేసరికి పెరటి గోడ మీద ఆరేడు కాకులున్నాయి, ఆవిడ రోజూ అన్నం పెట్టే చోట. ఆ కోరిక ఏమిటో నాకు తెలుసు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల వారి బొమ్మల గ్యాలరీ చూపించమని ముప్పై ఏళ్లు అడిగింది. 2015 పుష్కరాలకు రాజమండ్రి తీసుకెళ్లి కూడా, జనం ఎక్కువగా ఉన్నారని స్నానం చేయించి వెనక్కి తీసుకొచ్చేశాను. ఇంకోటి కూడా చెప్పాలి. పెళ్లయిన కొత్తలో ఆవిడ చేరదీసిన పిల్లిపిల్లల్ని సంచిలో వేసుకెళ్లి కాలవ అవతల వదిలేసి వచ్చాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు క్షమించమని అడుగుదామంటే మనిషి లేదు.

ఇంట్లో ఒక ముసలి కుక్క, రెండు పిల్లులు, సంక్రాంతి పందెంలో కాలు తెగితే ఆవిడ డబ్బిచ్చి తెచ్చుకున్న ఎర్రటి డేగపుంజు ఉన్నాయి. పొద్దున్నే నాలుగు వీధికుక్కలు వస్తాయి. పక్కింటివాళ్లు విసుక్కుంటున్నారు. మా అబ్బాయి హైదరాబాద్ వచ్చేయమంటున్నాడు. ఫ్లాట్‌లో చోటు లేదు, మంచివి ఓ పది బొమ్మలు తీసుకుని మిగతావి ఎవరికైనా ఇచ్చేద్దాం అంటున్నాడు. మొత్తం 212 ఉన్నాయి. కొన్నిటికి చెద పట్టింది. 1996 తుపానుకి రంగులన్నీ తడిసిపోతే బొగ్గుతో వేసిన బొమ్మ ఒకటుంది, పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య ఆవు నిలబడినట్టు. దాని మూల ఆవిడ బొటనవేలి ముద్ర నల్లగా పడింది. తుడిపించాలా? మా అక్కయ్య, 'బొమ్మలు ముందేసుకుని కూర్చుంటే దానికి శాంతి ఉండదు, ఆ కుక్కల పిచ్చి దానితోనే పోవాలి, ఫోటోకి దండేసి దణ్ణం పెట్టుకో' అంటోంది. ఆ ఫోటో తప్ప ఆవిడ మొహం నాకు గుర్తు రావడం లేదమ్మా. గొంతు కూడా పోతోంది. నలభై నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి మొహం మర్చిపోతే నేనేం మనిషిని? ఒక బొమ్మలో గట్టు మీద ఎవరో కూర్చుని ఉన్నాడు, వెనకనుంచి వేసింది. పక్కన కుక్క. భుజం మీద తువ్వాలు చూస్తే నేనేనేమో అనిపిస్తోంది. ఏం చేయమంటావు?"

బాబాయి గారూ,

ముందు కాకుల సంగతి మాట్లాడుకుందాం. ఎనిమిది నెలలుగా మీకు గుండెలో ముల్లులా గుచ్చుకుంటున్నది అదేనని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది.

కాకి ముట్టకపోతే కోరిక మిగిలిందని మన పెద్దలంటారు. ఆ నమ్మకాన్ని నేను తీసిపారేయను. మా అమ్మ పదో రోజున మేమూ అలాగే తలలెత్తి చూస్తూ నిలబడ్డాం. కానీ మీరు రాసిన రెండు వాక్యాల్ని పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదవండి. రేవులో కాకి రాలేదు. ఇంటి గోడ మీద ఆరేడు కాకులున్నాయి. కాకికి మనుషుల మొహాలు గుర్తుంటాయి. తిండి దొరికే చోటూ వేళా గుర్తుంటాయి. పిన్నిగారు అన్నేళ్లు ఒకే గోడ మీద పెట్టారు. వాటికి తెలిసిన చోటు అదే. మీరు రేవులో ఎదురుచూస్తున్నంతసేపూ అవి ఇంటి దగ్గర ఆవిడ కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ రోజు వాటికి అన్నం పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టే ఉంటారు. పెడితే ముట్టే ఉంటాయి.

ఆవిడకు కోరికే లేదని నేననను. గ్యాలరీ చూడాలనుకున్నారు, చూడలేదు. అది నిజం. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

మొహం గుర్తు రాకపోవడం గురించి. దీనికి మీరు సిగ్గుపడక్కర్లేదు. మా అమ్మ పోయాక నాకూ ఏడాది పాటు ఇదే బాధ. రోజూ చూసే మనిషిని మనం ఫోటో చూసినట్టు చూడం కదా. అన్నం వడ్డిస్తుంటే చెయ్యి చూస్తాం, పిలిస్తే పలుకుతాం, నడిచొస్తుంటే చప్పుడు బట్టి తెలుసుకుంటాం. మనిషి పోయాక గోడ మీదికి ఒక ఎన్‌లార్జ్ ఫోటో వస్తుంది. ఎప్పుడో ఏ కార్డు కోసమో బిగుసుకుపోయి దిగిన ఫోటో. వెనకాల నీలం రంగు వేస్తారు, బొట్టు పెద్దది చేస్తారు, మొహం మీది ముడతలు తీసేస్తారు. దాన్నే రోజుకు పదిసార్లు చూస్తుంటే, లోపలున్న వెయ్యి మొహాల మీద అది ఒక్కటే పరుచుకుంటుంది. ఆ ఫోటోని కొన్నాళ్లు దేవుడి గదిలోకి మార్చండి. మీ అక్కయ్యగారికి అభ్యంతరం ఉండదు, దేవుడి దగ్గరే కదా. హాల్లో గోడ ఖాళీగా ఉండనివ్వండి. బంధువుల ఇళ్లలో పెళ్లి ఆల్బమ్‌లు అడిగి తెప్పించుకోండి. ఆవిడ మధ్యలో నిలబడి దిగినవి వద్దు. ఏ మూలో ఎవరితోనో మాట్లాడుతూ, విస్తరి ముందు కూర్చుని, చంకలో ఎవరి బిడ్డనో ఎత్తుకుని ఉన్నవి వెతకండి. నాకు మా అమ్మ మొహం ఒకరోజు కరివేపాకు దూస్తుంటే వచ్చింది. ముందు ఆవిడ వేళ్లు గుర్తొచ్చాయి, వాటి వెంట మొహం వచ్చింది. మీకూ అలాగే, ఫోటో వైపు చూడనప్పుడు వస్తుంది.

గొంతు విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మీ అబ్బాయి ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, వాళ్లమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఎన్ని ఉన్నాయో చూడమనండి. "తిన్నావా నాన్నా" అన్నది ఒక్కటి దొరికినా చాలు. ఫోన్ పాడైతే, మార్చేస్తే అవి పోతాయి. వాటిని కంప్యూటర్‌లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి, రెండు చోట్లకూ ఎక్కించమనండి. ఎవరింటి పెళ్లి వీడియోలోనైనా ఆవిడ మాట ఉందేమో అడగండి. ఆవిడ ఫోన్ ఇంట్లో ఉంటే అందులో ఏముందో అబ్బాయి చూసేదాకా ఎవరికీ ఇవ్వకండి.

ఇక బొమ్మలు. మీరు ఉత్తరంలో వాటి గురించి సామాన్ల సంగతి రాసినట్టు రాశారు. ఎక్కడ పెట్టాలి, ఎవరికివ్వాలి, చెద ఎలా వదిలించాలి అని. నాకు వాటిలో వేరే సంగతి కనిపిస్తోంది. ఆవిడ మొహం కోసం మీరు ఫోటోలో వెతుకుతున్నారు. ఆవిడ తన బొమ్మ తాను ఒక్కటీ వేసుకున్నట్టు లేదు. కానీ ఆ 212 కాగితాల్లో ప్రతిదీ ఆవిడ ఒక చోట కూర్చుని ఒక వైపు చూస్తే పుట్టింది. ఆ చోటు ఎక్కడో మీరు కనిపెట్టగలరు. మీరు మాత్రమే కనిపెట్టగలరు.

ఎందుకంటే మీరు కాలవల మీద ముప్పై ఏళ్లకు పైగా నడిచిన మనిషి. ఆవు వెనకాల లాకు తలుపులు కనిపిస్తే అది ఏ లాకో నాకు తెలియదు, మీకు తెలుస్తుంది. రేవు మెట్లలో ఎన్ని మునిగి ఉన్నాయో చూసి కాలవలో నీళ్లెంత ఉన్నాయో చెప్పగలరు. అడుగు బురద కనిపిస్తుంటే కాలవలు కట్టేసిన వేసవి. ఎర్రనీళ్లు నిండుగా పోతుంటే వరదల కాలం. కొత్తనీళ్లలో గేదెలు దిగి ఉంటే జూన్‌లో నీళ్లు వదిలిన తర్వాత. పైగా ఆ కాగితాలు మీ లెవెల్ చార్టులు. తిప్పి చూడండి. ముందు వైపు తేదీ ఉంటుంది, అంకెలు ఉంటాయి, బహుశా మీ చేతిరాతే ఉంటుంది. బొమ్మ ఆ తేదీ తర్వాతే వేసి ఉండాలి. ఒక్కో కాగితం తీసుకుని ఆ చోటికి వెళ్లండి. ఆవు ఎంత ఎత్తున కనిపిస్తోంది, చెట్టు ఏ పక్కన ఉంది చూసుకుని, ఆవిడ ఎక్కడ కూర్చుంటే అలా కనిపిస్తుందో అక్కడ కూర్చోండి. చెట్టు ఉండకపోవచ్చు. 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమలో ఎన్ని చెట్లు పోయాయో మీకు చెప్పేదేముంది. అయినా గట్టు ఉంటుంది, మలుపు ఉంటుంది. వారానికి ఒక బొమ్మ చాలు. తొందరేం లేదు.

ముందుగా వెళ్లాల్సింది ఆ వెనకనుంచి వేసిన మనిషి బొమ్మ దగ్గరకి.

మీరు దాన్ని ఉత్తరం చివర, పోతూ పోతూ చెప్పినట్టు రాశారు. నేను అక్కడే ఆగిపోయాను. తువ్వాలు మీదైతే ఆ మనిషి మీరే బాబాయి గారూ. ఒక్కసారి ఆలోచించండి. మీరు గట్టు మీద కూర్చుని నీళ్లకేసి చూస్తున్నారు. పక్కన కుక్క ఉంది. మీరు దాన్ని తరమలేదు. ఆవిడ మీ వెనకాల, మీకు తెలియకుండా, కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బొమ్మ వేయడం ఐదు నిమిషాల పని కాదు. మీ వీపు, వంగిన భుజం, తువ్వాలు మడత, కుక్క చెవి, ఇవన్నీ చూసి చూసి వేయాలి. అంతసేపూ ఆవిడ మిమ్మల్ని చూస్తూనే ఉన్నారు. పిలవలేదు.

పిల్లిపిల్లల విషయంలో మీరు చేసింది తప్పే. "అప్పుడు అందరూ అలాగే చేసేవాళ్లు" అని మీకు సర్దిచెప్పడం నాకిష్టం లేదు, మీరూ దానికి ఊరుకోరు. ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదంటే ఎంత కష్టం కలిగిందో. కానీ మీ క్షమాపణ వినేవాళ్లు లేరని మీరు రాసిన తర్వాత, నాకు ఆ బొమ్మే గుర్తొస్తోంది. కోపం మిగిలి ఉన్న మనిషి అవతలివాడి పక్కన కుక్కను పెట్టి, ఇద్దర్నీ ఒకే కాగితం మీద అంత ఓపిగ్గా వేయదు. ఆ కాగితం వెనక చార్టు మీద తేదీ చూడండి. పిల్లిపిల్లల సంగతి జరిగిన ఎన్నాళ్లకు వేశారో తెలుస్తుంది.

బొటనవేలి ముద్ర తుడిపించకండి. ఎవరైనా తుడుస్తానన్నా ఒప్పుకోకండి. రంగులు తడిసిపోయి, కరెంటు లేక, పొయ్యిలో బొగ్గు తీసుకుని వేసిన బొమ్మ అది. ఆ వేలు బొగ్గు పట్టుకున్న వేలు. ఏ ఫోటోలోనూ దొరకని గుర్తు అది. బొగ్గు కాగితానికి గట్టిగా అంటుకోదు, చెయ్యి తగిలితే రాలిపోతుంది. కాబట్టి దాని మీద ఏ కాగితమూ ఒత్తి పెట్టకండి. అద్దానికీ బొమ్మకీ మధ్య సందు ఉండేలా చుట్టూ మందపాటి అట్ట వేయించి ఫ్రేమ్ కట్టించండి. ఫ్రేమ్ కట్టే అతనికి "అద్దం బొమ్మకు తగలకూడదు" అని రెండుసార్లు చెప్పండి.

లామినేషన్ మాత్రం వద్దే వద్దు. ఇది నేను ఏడ్చి నేర్చుకున్నది. మా అమ్మ ముగ్గుల పుస్తకం ఒకటుండేది. ధనుర్మాసంలో రోజుకొక ముగ్గు, చుక్కలతో సహా స్కెచ్ పెన్నులతో వేసి పెట్టుకునేది. ఆవిడ పోయాక పాడవకూడదని పేజీలు విడదీసి ఒక షాపులో లామినేషన్‌కి ఇచ్చాను. వేడికి రెండు పేజీల మీద రంగు పాకిపోయింది, ఒక పేజీ ముడతపడి అలాగే అతుక్కుపోయింది. ఇక దాన్ని విడదీయలేం. మిగిలిన పేజీలకు కూడా ఆ కాగితం వాసన లేదు, ముట్టుకుంటే ప్లాస్టిక్ తగులుతుంది.

ముందు 212 బొమ్మలకూ ఫోటోలు తీయించండి. ఊళ్లో ఇంటర్ చదివే పిల్లాడెవడైనా చేసిపెడతాడు. పొద్దున పూట వరండాలో, ఎండ నేరుగా పడని చోట కాగితం నేల మీద పరిచి, ఫ్లాష్ లేకుండా, పైనుంచి తిన్నగా తీయాలి. రెండు వైపులా తీయాలి. మీ అంకెలు కూడా బొమ్మలో భాగమే. అందుకే ఏ కాగితాన్నీ అట్టకు జిగురుతో అంటించకండి. సెల్లో టేపు అసలు వద్దు, కొన్నేళ్లకు పసుపు పచ్చగా మారి మరక దిగుతుంది.

చెద పట్టినవి ఈరోజే వేరు చేయండి. నీడలో ఆరబెట్టి మెత్తటి పొడి కుంచెతో దులపండి. తడిగుడ్డ పెట్టకండి, మందు నేరుగా కాగితం మీద కొట్టకండి. బొమ్మలు చెక్క బీరువాలో ఉంటే ఇనప బీరువాలోకి మార్చి, గోడకు ఆనకుండా జానెడు ఎడంగా పెట్టండి. నేల అర కాకుండా పై అరలో పెట్టండి, మనది వరద వచ్చే చోటు. ప్లాస్టిక్ కవర్లలో మూతులు బిగించి పెడితే మన గాలిలో ఉండే చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య పల్చటి తెల్ల కాగితం వేయండి. యాసిడ్ లేని కాగితం అని అడిగితే బొమ్మల సామాన్లు అమ్మే షాపుల్లో ఇస్తారు. కలరా ఉండలు వేస్తే గుడ్డలో మూటకట్టి మూలన పెట్టండి, కాగితాలకు తగలకూడదు. స్కెచ్ పెన్నుతో వేసిన బొమ్మలుంటే గోడకు పెట్టకండి, వెలుతురుకి రంగు వెలిసిపోతుంది. వాటి కాపీ తీయించి అది పెట్టుకోండి. వాన కొట్టే గోడకీ, ఎండ పడే గోడకీ ఏ బొమ్మా వద్దు.

రాజమండ్రి వెళ్లండి. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి, అందాకా ఆగొద్దు. మళ్లీ జనం, మళ్లీ తోపులాట. మామూలు రోజున, గ్యాలరీ తెరిచే వేళ కనుక్కుని, ఆవిడ వేసిన బొమ్మ ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లండి. దామెర్ల రామారావు గారు 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. బొంబాయి వెళ్లి నేర్చుకుని, తిరిగి మన రాజమండ్రి వచ్చి, బొమ్మలు వేయడమే కాక కుర్రాళ్లకు నేర్పించారు. ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం గారి లాంటివాళ్లు పట్టుబట్టి నిలబెట్టబట్టే, నూరేళ్ల తర్వాత కూడా మనం వెళ్లి ఆ బొమ్మల ముందు నిలబడగలుగుతున్నాం. ఆయన భార్య సత్యవాణి గారు కూడా బొమ్మలు వేసేవారు. పిన్నిగారు ఆ గ్యాలరీయే చూస్తానని ముప్పై ఏళ్లు ఎందుకు అడిగారో అక్కడ నిలబడితే మీకు కొంతైనా తెలుస్తుంది. ఏ బొమ్మ ముందు ఆవిడ ఎక్కువసేపు ఆగేదో చూసి చెప్పండి. మీరు పోల్చుకోగలరు. కోరిక పూర్తిగా తీరిందని నేననను. కానీ ఆవిడ తరఫున మీరు చూసి రావడానికి ఎవరూ అడ్డం లేరు.

మీ అక్కయ్యగారి మాట. ఆవిడ మీ మంచి కోరే అన్నారు, తమ్ముడు కుంగిపోతున్నాడని భయం. కానీ ఆకలిగా ఉన్నవాటికి అన్నం పెట్టడాన్ని పిచ్చి అనే మాట మన కోనసీమలో చెల్లదు. కాలవని గోదావరి పాయ మీదుగా దాటించే పి.గన్నవరం అక్విడెక్టు మీద మీరు ఎన్నిసార్లు నడిచి ఉంటారో. దానికి పెట్టిన పేరు ఎవరిది? డొక్కా సీతమ్మ గారిది. ఏ పదవీ లేని, వేళకాని వేళ వచ్చినవాడికి కూడా అన్నం పెట్టిన ఇల్లాలిది. ఇంకో ఉదాహరణ చెబుతాను. కళాక్షేత్ర స్థాపించిన నాట్యకారిణి రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో ఉన్నప్పుడు మూగజీవాల కోసం పట్టుబట్టారు. 1960లో జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం రావడం వెనక ఆవిడ శ్రమ ఉంది. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. కళ ఉన్న కంటికి కుంటుతున్న కుక్క కనబడకుండా పోదు. మన దగ్గర పందెం పుంజుని చూసి కాకి, సేతువ, డేగ అని రంగుని బట్టే పేరు చెబుతారు. ఆ మాటలు అంత బాగా వచ్చినవాళ్లలో ఎంతమంది ఆ ఎరుపుని పిన్నిగారు చూసినట్టు చూశారు? మిగతావాళ్లు గెలుస్తుందా ఓడుతుందా అని చూస్తుంటే, ఆవిడ డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్నారు.

ఇక పక్కింటివాళ్ల చిరాకు. అది కూడా న్యాయమైనదే, కొట్టిపారేయకండి. వీధికుక్కలకు గుమ్మం ముందు కాకుండా, పిల్లలు ఆడుకోని చోట, గట్టు పక్కన ఒక చోటు చూసుకుని, రోజూ అదే వేళకు పెట్టండి. తిన్నాక విస్తళ్లు తీసేయండి. మెల్లగా అవి మీ గేటు దగ్గరకు రావడం తగ్గిస్తాయి. వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా వేయించే బాధ్యతను కుక్కల సంతాన నియంత్రణ కోసం కేంద్రం తెచ్చిన 2023 నిబంధనలు స్థానిక సంస్థల మీద పెట్టాయి. పంచాయతీలో ఒక అర్జీ ఇవ్వండి. డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవారు, అర్జీ ఎలా రాస్తే కదులుతుందో మీకు తెలియంది కాదు. ఇంట్లో కుక్కకు ఏటా టీకా తప్పనిసరి. జూలై 6న జూనోసిస్ దినమని, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన రోజని, పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు. 1885లో అదే రోజున పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. ముసలి కుక్క తిండి తగ్గించిందేమో గమనించండి. పెంచిన మనిషి పోతే కుక్కలు దిగులుపడతాయి. రెండు రోజులు వరసగా ముట్టకపోతే మాత్రం దిగులే కదా అని ఊరుకోకుండా డాక్టరుకి చూపించండి. దాన్ని పిన్నిగారు ఏ మాటతో పిలిచేవారో ఆ మాటతోనే పిలవండి.

హైదరాబాద్ సంగతి ఇప్పుడే తేల్చకండి. సంవత్సరీకం అయ్యేదాకా ఏ నిర్ణయమూ వద్దని అబ్బాయికి ప్రేమగానే చెప్పండి. ఆ కుర్రాడికి కూడా అమ్మ పోయింది. "మంచివి పది" అన్నది కఠినంగా అన్నమాట కాదు, అన్నీ చూడలేక అన్నమాట అని నాకనిపిస్తోంది. ఆ పది ఏవో తననే ఏరమనండి. ఏరాలంటే 212 చూడాలి. మీ ఇద్దరూ నేల మీద పరుచుకుని చూడండి, ఒక్కరోజులో అవ్వదు. కావాలంటే పండక్కి వెళ్లి రెండు వారాలు అక్కడ ఉండి రండి. కాకులకీ పిల్లులకీ పెట్టే మనిషిని ఒకర్ని కుదుర్చుకుని వెళ్లండి. నన్నడిగితే, ఆ పుంజు, ఆ ముసలి కుక్క ఉన్నంతకాలం మీరు ఆ ఇంట్లోనే ఉంటే మీకే మంచిది. వాటికి వేళకు పెట్టాలి కాబట్టి మీరూ వేళకు లేస్తారు.

సంవత్సరీకానికి స్టీలు డబ్బాల మీద పేరు కొట్టించి పంచడం మన వైపు ఉంది. మీరు అది మానేసినా ఎవరూ ఏమీ అనుకోరు. పిన్నిగారు వేసిన ఆవులు, గేదెలు, కుక్కలు ఊళ్లో ఎవరివో ఒకరివి. ఎవరి ఆవు బొమ్మ వాళ్లకు కలర్ జెరాక్స్ తీయించి ఇవ్వండి. వరండాలో తాడు కట్టి, మిగతా కాపీలు బట్టల క్లిప్పులతో తగిలించండి. భోజనాలకు వచ్చినవాళ్లు "ఇది మా గౌరి కదూ, ఆ ఏడు రెండు దూడలు పెట్టింది" అంటూ మొదలుపెడతారు. ఆవిడ వాళ్ల పాకలో కూర్చుని ఏం మాట్లాడేదో, దూడ నాకితే ఎలా నవ్వేదో చెబుతారు. మీరు డ్యూటీలో ఉన్న వేళల్లో ఆవిడ ఎలా ఉండేదో ఊరికి తెలుసు, మీకు తెలియదు. విని రాసుకోండి. కనుమకి చూరుకు పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చు కట్టేవారనుకుంటాను. ఈసారి మీరు కట్టండి.

ఒక్క పని మిగిలింది. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొత్తం తొమ్మిది పేజీల్లో "మా ఆవిడ" అని ఉంది, "ఆవిడ" అని ఉంది, ఒకచోట "ఆ మనిషి" అని ఉంది. పేరు లేదు. అందుకే నేనూ పిన్నిగారు అంటూ రాశాను. మీ తరంలో భార్యను పేరు పెట్టి పిలవరు, తెలుసు. ఆవిడ కూడా బొమ్మల మీద సంతకం పెట్టినట్టు మీరు రాయలేదు. మెత్తటి పెన్సిల్ తీసుకోండి. బాల్‌పెన్ వద్దు, అవతలి వైపుకి అచ్చు పడుతుంది. చార్టు వైపు, మీ అంకెల కింద ఖాళీ చూసుకుని, ఒత్తకుండా, ఒక్కోదాని మీద ఆవిడ పూర్తి పేరు, ఏ చోటో, ఏ ఏడో రాయండి. 212 సార్లు రాయాలి. రోజుకు నాలుగైదు రాయండి.